నాలుగు లైన్ల వార్తకు జవాబుదారు ఎవరు?

(పత్రికా రచన నేర్చుకోవాలనుకుంటున్న డిగ్రీ విద్యార్థుల శిక్షణ శిబిరంలో మొదటి రోజు చేసిన ప్రసంగ పాఠం)





మీ చేతిలో ఉన్న కాగితంలో ఇవాళ్టి అంశం ‘పత్రికా రచన – ప్రాథమిక సూత్రాలు’ అని ఉంది. సూత్రాలు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. పరీక్షలో రాస్తే మార్కులు కూడా వస్తాయి. మేము మాత్రం ఇవాళ ఒక పాత పేపర్ కటింగ్ తెచ్చాం. సింగిల్ కాలమ్ వార్త. నాలుగే లైన్లు. ఇది ఊరి నుంచి బయలుదేరి పాఠకుడి చేతికి చేరేలోపు ఎన్ని చేతులు మారిందో, ఒక్కో చేతిలో ఏం జరగాల్సి ఉండెనో, ఏం జరిగిందో చెబుతాం. పత్రిక ఎట్లా తయారవుతుందో మీకు అందులోనే తెలుస్తుంది.

2004 చివరి మాట ఇది. కరువు ఏడు. అప్పుడు మేము ఒక దినపత్రిక జిల్లా డెస్కులో పనిచేస్తున్నాం. కటింగ్‌కు హెడ్డింగ్ ఇది: ‘కడుపునొప్పి తాళలేక వ్యక్తి ఆత్మహత్య’. కింద ఊరి పేరు, మనిషి పేరు, వయసు 32. కొంతకాలంగా కడుపునొప్పితో బాధపడుతున్నాడు, మంగళవారం ఆత్మహత్య చేసుకున్నాడు. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారు. పోలీసులు కేసు నమోదు చేశారు. అంతే.

మూడు వారాలకు ఆయన అన్న మా ఆఫీసుకు వచ్చిండు. ఇదే కటింగ్‌ను నాలుగు మడతలు పెట్టి అంగి జేబులో తెచ్చిండు. టేబుల్ మీద పరిచి, ‘‘సార్, మా తమ్మునికి కడుపునొప్పి ఎన్నడు లేకుండె. రెండు బోర్లేసిండు, నీళ్లు పడలె. పత్తి ఎండిపోయింది. సావుకారికి మిత్తి కట్టలేకపోయిండు. మీరెట్ల రాసిన్రు ఇది? ఆఫీసుకు పోతే, పేపర్ల గిట్లనే వచ్చింది గదా అంటున్నరు’’ అన్నడు.

ఆయన పోయింది ఏ ఆఫీసుకో, ఎందుకో చెప్పాలి. ఆ ఏడాది జూన్‌లోనే ప్రభుత్వం 421 నంబరు జీవో తెచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పులవాళ్లతో తెంపు చేసుకోవడానికి మరో 50 వేలు ఇవ్వాలని ఆ జీవో. అయితే ఆ చావు సాగు కష్టం వల్లే జరిగిందని అధికారుల కమిటీ తేల్చాలి. కమిటీ ముందున్న పోలీసు కాగితంలో ఉన్నది కడుపునొప్పి. మా పేపర్లో ఉన్నదీ కడుపునొప్పే. ఒక అబద్ధానికి రెండు సాక్ష్యాలు దొరికినయి. రెండో సాక్షులం మేము.

ఆ రోజు మేము చేసిన మొదటి పని, ఆ వార్త ఎట్లా వచ్చిందో వెనక్కి వెతుక్కుంటూ పోవడం. మీరూ మాతో రండి.

మొదటి చేయి: విలేకరి

వార్తకు ఆరు ప్రశ్నలని మీరు చదువుకునే ఉంటారు. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా. ఈ ఆరూ ఒక్క తీరువి కావు. మొదటి నాలుగింటికి జవాబు ఊర్లో ఎవరిని అడిగినా దాదాపు ఒక్కటే వస్తుంది. చనిపోయింది ఎవరో, ఏ ఊరో, ఏ రోజో తేలికగానే తేలుతుంది. ‘ఎందుకు’ దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరి దగ్గర ఒక్కో జవాబు ఉంటుంది. ఎవరి జవాబులో వారి అవసరం కూడా ఉంటుంది. అందుకే ‘ఎందుకు’ అనే ప్రశ్నకు వచ్చిన జవాబును వార్తలో ఎప్పుడూ ఒంటరిగా నిలబెట్టకండి. పక్కన ఆ జవాబు చెప్పినవారు ఉండాలి. ‘కడుపునొప్పి కారణమని పోలీసులు చెప్పారు’ అంటే అది పోలీసుల మాట. ‘కడుపునొప్పి తాళలేక’ అంటే అది పత్రిక మాట. ఈ రెండింటి మధ్య తేడా తెలిస్తే మీకు సగం జర్నలిజం వచ్చినట్టే.

మన పేపర్లలో ‘తెలిసింది’, ‘సమాచారం’, ‘భావిస్తున్నారు’ అనే మాటలు రోజూ కనబడతాయి. తెలిసింది అంటే ఎవరికి? ఎవరి ద్వారా? సమాచారం ఎవరిచ్చారు? భావిస్తున్నది ఎవరు? మీరు రాసిన ప్రతి వాక్యాన్నీ ఇట్లా నిలదీయండి. జవాబు ఉంటే వాక్యం ఉంచండి. లేకుంటే కొట్టేయండి.

మా మండల విలేకరికి ఆ సంగతి స్టేషన్ నుంచి ఫోన్‌లో వచ్చింది. ఆయన మీద మాకు కోపం లేదు. మండలంలోని ఊర్లన్నింటికీ ఆయన ఒక్కడే. నెల జీతం లేదు. అచ్చయిన వార్తను కొలిచి లైన్ అకౌంట్ కింద ఇచ్చే డబ్బులే ఆదాయం. ఊరికి పోవాలంటే పెట్రోలు సొంతది. అయినా ఆయన ఊరికి పోయిండు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

రెండో చేయి: డెస్క్

అప్పట్లో మండలాల నుంచి వార్తలు ఫ్యాక్స్‌లో వచ్చేవి. ఫ్యాక్స్ లేనిచోటి నుంచి ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికి కవర్ ఇచ్చి పంపేవారు. మేము పాత ఫ్యాక్స్‌ల కట్ట విప్పి ఆ రోజు కాగితం వెతికాం. అక్షరాలు అప్పటికే సగం వెలిసిపోయినయి. అందులో నాలుగు లైన్లు కాదు, ఐదు ఉన్నాయి. ఐదో లైన్ ఇది: ‘ఆయన రెండెకరాలు కౌలుకు తీసుకుని పత్తి వేశాడని, రెండు బోర్లు వేసినా నీళ్లు పడలేదని ఇరుగుపొరుగు చెప్పారు.’

అంటే నిజం మా ఆఫీసు దాకా వచ్చింది. మా డెస్కులోనే పోయింది.

ఎట్లా పోయిందో వినండి. వార్తా రచనలో తలకిందుల పిరమిడ్ అనే పద్ధతి ఉంది. ముఖ్యమైన సంగతి పైన, తర్వాతి ముఖ్యమైనది దాని కింద, అంతగా పనికిరానిది అన్నిటికంటే కింద పెట్టడం. పాఠకుడు రెండు లైన్లు చదివి వదిలేసినా విషయం తెలియాలని ఒక కారణం. పేజీలో జాగా చాలకపోతే సబ్ ఎడిటర్ కింది నుంచి కోసుకుంటూ పోవచ్చునని ఇంకో కారణం. మంచి పద్ధతే. ఇవాళ్టికీ అదే నేర్పుతాం.

మా విలేకరి తాను విన్న వరుసలో రాసిండు. ముందు స్టేషన్ ఫోన్ వచ్చింది కాబట్టి అది పైన పెట్టిండు. తర్వాత ఊరికి పోయి విన్నది కింద రాసిండు. విన్న వరుస వేరు, ముఖ్యమైన వరుస వేరు. ఆ తేడా ఆయన చూడలేదు. సాయంత్రం ఏడున్నరకు సబ్ ఎడిటర్ చేతికి వార్త వచ్చింది. పేజీలో ఒక లైన్ ఎక్కువైంది. ఆయన సూత్రం ప్రకారం కింది లైన్ కోసేసిండు. ఎవరూ సూత్రం తప్పలేదు. నిజం మాత్రం చెత్తబుట్టలో పడ్డది.

అందుకే మీకు చెప్పేది, కోసే ముందు కింది లైన్ ఒకసారి చదవండి. పై లైన్‌తో కింది లైన్ కొట్లాడుతుంటే అది కోసే లైన్ కాదు, అక్కడే అసలు వార్త ఉంది. వెంటనే విలేకరికి ఫోన్ చేయండి. సబ్ ఎడిటర్ పని భాష దిద్దడమే అనుకుంటారు. కాదు. పాఠకుడి కంటే ముందే పాఠకుడికి వచ్చే అనుమానాలన్నీ తనకు రావడమే ఆయన పని.

భాష గురించి కూడా ఒక మాట. మా డెస్కులలో ‘మిత్తి’ అని వస్తే వడ్డీ చేసేవాళ్లం. ‘దవాఖాన’ను ఆసుపత్రి చేసేవాళ్లం. ‘మక్కలు’ మొక్కజొన్న అయ్యేవి. మీ కథనం నడక అందరికీ తెలిసిన భాషలో ఉండనీయండి, తప్పు లేదు. కొటేషన్ గుర్తుల మధ్య మాత్రం మనిషి అన్న మాటే ఉండాలి. మిత్తి అన్నవాని నోట్లో వడ్డీ పెడితే అది దిద్దుబాటు కాదు, ఆయన అనని మాట అన్నట్టు రాయడం.

మూడో చేయి: హెడ్డింగ్ పెట్టినవారు

వార్తలో ‘బాధపడుతున్నాడు’ అని ఉంది. హెడ్డింగ్‌కు వచ్చేసరికి అది ‘తాళలేక’ అయింది. ఇట్లాంటి హెడ్డింగులు డెస్కులో అచ్చు పోసినట్టు తయారుగా ఉంటాయి. ‘కుటుంబ కలహాలతో’, ‘మనస్తాపంతో’, ‘జీవితంపై విరక్తి చెంది’. అలసిపోయిన చేయి ముందు వాటి మీదకే పోతుంది. హెడ్డింగ్ కథనం కంటే ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పకూడదు. చాలామంది హెడ్డింగ్ చదివి పేజీ తిప్పేస్తారు. వాళ్లకు మనం చెప్పింది అదొక్కటే.

ఆత్మహత్య వార్తల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. ఈ వార్తలు రాయడంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలున్నాయి. వాటి ఆధారంగా ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కూడా 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఎట్లా చనిపోయారో వివరంగా రాయవద్దు. ఉద్వేగం రేపే హెడ్డింగులు వద్దు. ఒక చావును ఒక్క కారణానికి కుదించడం కూడా తప్పేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కడుపునొప్పి ఒక్కటే అనడం తప్పయితే, ఏమీ అడగకుండా అప్పు ఒక్కటే అనడమూ తప్పే. మాకు ఇష్టమైన కారణమని దాన్ని అడగకుండా ఒప్పుకోకూడదు.

నాలుగో చేయి: పేజీ

ఇప్పుడు పేజీ దగ్గరికి రండి. టాబ్లాయిడ్ అంటే బ్రాడ్‌షీట్‌లో సగం సైజు. తెలుగులో 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టినప్పటి నుంచి ఈ సైజు ఊరూరికీ అలవాటైంది. పేజీ పని మొదలుపెట్టేది వార్తతో అనుకోకండి. ముందు డమ్మీ గీస్తారు. అందులో ప్రకటనలకు జాగా పెడతారు. మిగిలింది వార్తలది. ఆ సాయంత్రం ఒక నాయకుడికి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పే ప్రకటన ఆలస్యంగా వచ్చింది. దానికి జాగా చేయడానికే మా ఐదో లైన్ పోయింది. ఇది కథ కాదు, పాత డమ్మీ కాగితం మీద పెన్సిల్ గీతలు చూసి తెలుసుకున్నాం.

మీరు రేపు ఎనిమిది పేజీల టాబ్లాయిడ్ చేయబోతున్నారు కాబట్టి ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. ప్రెస్‌లో ఒకటో పేజీ ఎనిమిదో పేజీతో కలిసి ఉంటుంది. రెండు ఏడుతో, మూడు ఆరుతో, నాలుగు ఐదుతో. ఏ జంటను కూడినా తొమ్మిది. రెండో పేజీ మీరు ఆలస్యం చేస్తే ఏడో పేజీ చేసినవాడు ఎంత తొందరగా ముగించినా ప్లేట్ ఆగుతుంది. రంగుల పేజీకి ప్లేట్లు నాలుగు: సయాన్, మెజెంటా, పసుపు, నలుపు. డెడ్‌లైన్ అంటే మీ ఒక్కరి సమయం కాదు. మీ తర్వాత ప్లేట్ చేసేవారు, మిషన్ నడిపేవారు, కట్టలు కట్టేవారు, తెల్లారగట్ల సైకిల్ మీద పేపర్ వేసే పిల్లవాడు, అందరి సమయమూ అందులో ఉంది.

జిల్లా పేజీలు చేసిన మేలు పెద్దది. అంతకుముందు ఎన్నడూ అచ్చులో కనబడని ఊర్ల పేర్లు కనబడ్డయి. దానితోపాటే ఒక లోపం కూడా వచ్చింది. ఒక జిల్లా వార్త పక్క జిల్లావాడు చూడడు. ఆ అన్న వచ్చిపోయిన తర్వాత మేము మా పాత పేపర్లు మూడు నెలలవి ముందేసుకున్నాం. పక్క జిల్లాల పేజీలు కూడా తెప్పించాం. ‘కడుపునొప్పి తాళలేక’ అన్న వార్తలు లెక్కపెడితే వేళ్లు చాలలేదు. ఒక్కో పేజీలో ఒక్కో మూలన ఒక్కొక్కటి. విడివిడిగా చూస్తే ఫిల్లర్లు. పక్కపక్కన పెడితే మొదటి పేజీ బ్యానర్. దేశంలో ఆత్మహత్యల లెక్కలు చెప్పే ఎన్‌సీఆర్‌బీ నివేదికకు కూడా మూలం పోలీస్ స్టేషన్ రికార్డులే. స్టేషన్‌లో రాసిన ఆ ఒక్క మాట ఢిల్లీ దాకా అట్లాగే పోతుంది. దాన్ని మధ్యలో ఆపి అడగగలిగేది ఆ మండల విలేకరి ఒక్కడే.

ఐదో చేయి: ప్రూఫ్, ప్రెస్

ఆ కటింగ్‌లో ఇంకో తప్పు కూడా ఉందని ఆ అన్న చూపించిండు. ఇంటిపేరులో ఒక వత్తు ఎగిరిపోయింది. మాకు అది చిన్న తప్పు. ఆఫీసులో మాత్రం ‘ఈ మనిషి ఆ మనిషేనా’ అని అడగడానికి అది చాలు. అప్పుడు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పని. ఇప్పుడు ఇన్‌డిజైన్, యూనికోడ్ వచ్చినయి. పాత ఫాంట్ నుంచి కొత్త దానికి మార్చేటప్పుడు వత్తులు, గుణింతాలు ఇప్పటికీ చెదురుతూనే ఉంటాయి. ప్రూఫ్ చదివేటప్పుడు పేర్లు, ఊర్లు, అంకెలు ఈ మూడింటిని వేరుగా ఇంకోసారి చదవండి. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు మూల కాగితం చూడాలి. స్క్రీన్ మీద కనబడని తప్పు కాగితం మీద కనబడుతుంది.

అంకెల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. సభకు ఎంతమంది వచ్చారని నిర్వాహకులను అడిగి రాయకండి. మైదానం పొడవు, వెడల్పు అడుగులతో కొలవండి. 100 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు ఉంటే 5 వేల చదరపు మీటర్లు. చదరపు మీటరుకు ఇద్దరు కూర్చున్నా 10 వేల మంది. అది లక్ష కాదు. అది మన సభ అయినా సరే, మనకు గిట్టనివారి సభ అయినా సరే, కొలత ఒక్కటే. మన సభను మనమే పెంచి రాస్తే, రేపు మనం రాసిన నిజమైన లెక్కను కూడా ఎవరూ నమ్మరు.

ఈ పని ఎట్లా చేయాలో మనకు పాఠం దూరంగా లేదు. సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాద్ నుంచి గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట ఒకటి వచ్చింది. ఆయన దానికి తిట్లతో జవాబు ఇవ్వలేదు. ఊరూరికీ కబురు పంపి, కవుల వివరాలు, రచనలు తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. అందులో 354 మంది కవులు. ఆ తర్వాత వాదన అవసరం లేకపోయింది. పేర్లు, ఊర్లు, వివరాలు. మనం నేర్చుకోవాల్సిన జర్నలిజం అంతా అందులో ఉంది.

చివరి చేయి: సంపాదకుడు

ఏ పత్రికలోనైనా ఒక పేజీ అడుగున సన్నటి అక్షరాలతో ఒక లైన్ ఉంటుంది. ప్రింటర్, పబ్లిషర్, ఎడిటర్ ఎవరు, ఎక్కడ అచ్చయింది. ఎవరూ చదవరు. 1867 నాటి చట్టం నుంచి అది తప్పనిసరి. 2024 మార్చి 1 నుంచి ఆ చట్టం స్థానంలో 2023 నాటి కొత్త చట్టం వచ్చింది. ఆ లైన్‌కు అర్థం ఒక్కటే: ఇందులో అచ్చయిన ప్రతి మాటకూ జవాబు చెప్పే మనిషి ఉన్నాడు. ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో చంపేశారు. తాను రాసినదాని కింద తన పేరు ఉంచిన మనిషి ఆయన. మనల్ని ఎవరూ అంత అడగడం లేదు. తప్పు రాస్తే తప్పు రాశామని ఒప్పుకోమనే అడుగుతున్నారు.

మేము ఒప్పుకున్నాం. ఊరికి పోయాం. భార్యతో, సర్పంచ్‌తో, బోరు వేసిన మిషన్ ఆయనతో మాట్లాడాం. సవరణను అదే పేజీలో, అదే జాగాలో, మొదటి హెడ్డింగ్ ఎంత సైజులో ఉందో అంతే సైజులో వేశాం. సవరణను ఎక్కడో మూలన పెడితే అది సవరణ కాదు, దాచిపెట్టడం. ఆ అన్న దాన్ని తీసుకుపోయి ఫైల్‌లో పెట్టించిండు.

సాయం మాత్రం రాలేదు. ఆయన కౌలు రైతు. పట్టా ఆయన పేరు మీద లేదు. ఐదో లైన్‌లో ‘కౌలుకు’ అన్న మాట మొదటి రోజే ఉంది. ఆ ఒక్క మాట పట్టుకుని అప్పుడే అడిగి ఉంటే, ఎంతమంది రైతులు కాగితాల్లో రైతులు కాకుండా పోతున్నారో ఎంతో ముందే రాసేవాళ్లం. మేము అది రాయడానికి చాలా ఆలస్యమైంది. ఈ కటింగ్‌ను అందుకే దాచుకున్నాం.

ఇవాళ మీ దగ్గర ఫ్యాక్స్ లేదు, బస్సు కవర్ లేదు. జేబులో ఫోన్ ఉంది. వార్త నిమిషంలో వాట్సాప్‌లో తిరుగుతుంది. మేము తప్పు చేయడానికి ఐదుగురం కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఒక్కరే చాలు. అంటే ఆ ఐదుగురు అడగాల్సిన ప్రశ్నలు మీరొక్కరే అడుక్కోవాలి.

ఇక రేపటి పని. సాయంత్రం అందరూ ఇండ్లకు పోతారు కదా. మీ ఊరి నుంచి ఒక్క వార్త తెండి. వంద మాటలు దాటొద్దు. కాగితం వెనక, మీరు మాట్లాడిన ఇద్దరు మనుషుల పేర్లు, ఎక్కడ మాట్లాడారో రాయండి. అందులో ఒకరు మీకు నచ్చని జవాబు చెప్పినవారై ఉండాలి. పొద్దున తొమ్మిదింటికి ముందు కాగితం వెనక వైపే చూస్తాం. ముందు వైపు తర్వాత చదువుతాం.